తుడిచేసి... తాను మాయమైపోతుంది!

నీళ్లు పోయక్కర్లేదు. సబ్బు రుద్దక్కర్లేదు. బియ్యపు గింజంతేసి మంచు పలుకులు తూటాల్లా దూసుకొచ్చి జిడ్డును కొడతాయి. మరుక్షణం గాల్లో కలిసిపోతాయి. ఫ్యాక్టరీలను శుభ్రం చేసే ‘డ్రై ఐస్’ యంత్రం కథ ఇది. ఇంతకీ ఆ మంచు నిజంగానే మాయమవుతుందా?

తెల్లవారుజామున ఏలూరు దాటి దెందులూరు వైపు హైవే మీద మోటారు సైకిల్ మీద వెళుతున్నారా? ముందు చేపల లారీ ఉందంటే కాస్త ఎడం పాటించండి. లేదంటే నీసునీళ్లతో రెండో స్నానం తప్పదు! కొల్లేటి చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసు ముక్కల మధ్య పేర్చి కోల్‌కతా దాకా పంపిస్తారు. లారీ కదిలిన దగ్గర్నుంచీ ఐసు కరుగుతూనే ఉంటుంది. దారి పొడవునా నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆకివీడు, కైకలూరు, గణపవరం... ఈ చుట్టుపక్కల పుట్టిపెరిగినవాళ్లకు ఐసంటే ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. దిమ్మ కొట్టడం తెలుసు, పొట్టు కప్పడం తెలుసు, తరుగు లెక్క కట్టడమూ తెలుసు.

మరి కరగని ఐసు గురించి విన్నారా? ఎండలో పెట్టినా చుక్క నీరు కారదు. అలాగని ఉన్నది ఉన్నట్టూ ఉండదు. చూస్తుండగానే చిక్కిపోయి, చివరికి గిన్నె ఖాళీ అవుతుంది. గిన్నె అడుగున తడి కూడా ఉండదు. అదే డ్రై ఐస్. పెళ్లి రిసెప్షన్లో వధూవరులు మబ్బుల్లో నడిచొస్తున్నట్టు కనపడేది చాలాచోట్ల దీని పుణ్యమే. సినిమాల్లో కలల పాటలకు నేలంతా పరుచుకునే పొగమంచుకూ దీన్ని వాడతారు. అదే డ్రై ఐస్‌తో కర్మాగారాల్లో ఏళ్ల తరబడి పేరుకున్న మురికిని వదలగొట్టొచ్చంటే కాస్త ఆశ్చర్యమే!

కలరా ఉండల చుట్టం

మనం వదిలే ఊపిరిలో ఉండేదీ, సోడా బుడ్డిలో బుసబుసమనేదీ కార్బన్ డయాక్సైడ్ వాయువే. దాన్ని బాగా చల్లబరిచి గడ్డ కట్టిస్తే డ్రై ఐస్. మామూలు ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉంటే, ఇది మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అన్నిటికన్నా వింత ఏమిటంటే దీనికి ‘ద్రవం’ అనే మధ్య మెట్టు లేదు. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి అయిదు రెట్లకు పైగా ఉంటే తప్ప కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలవదు. అందుకే గడ్డ నేరుగా గాలైపోతుంది. బీరువాలో పెట్టిన కలరా ఉండ రోజులు గడిచేకొద్దీ అరిగిపోవడం, పళ్లెంలో వదిలేసిన కర్పూరం తరిగిపోవడం చూశాం కదా... అదే సంగతి. స్కూల్లో దీన్నే ఉత్పతనం అని చదువుకున్నాం.

1835లో ఫ్రాన్స్‌కు చెందిన థిలోరియర్ ద్రవ కార్బన్ డయాక్సైడ్ నింపిన పాత్ర మూత తీసినప్పుడు ఈ తెల్లటి గడ్డను గమనించాడు. ద్రవం కొంత ఆవిరైపోతూ మిగతాదాన్ని మంచుగా మార్చేసింది. తర్వాత తొంభై ఏళ్ల దాకా అదొక ప్రయోగశాల వింతే. 1925 ప్రాంతంలో అమెరికాలో ఓ కంపెనీ ‘డ్రై ఐస్’ పేరుతో అమ్మకం మొదలుపెట్టింది. ఆ కంపెనీ పెట్టుకున్న పేరే చివరికి వస్తువు పేరైపోయింది. మనం డాల్డా అన్నట్టే!

మంచుతో జంతికలు

దీని తయారీ చూస్తే మన వంటిల్లే గుర్తుకొస్తుంది. పెద్ద ట్యాంకులో ద్రవ కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. సుమారు మైనస్ 20 డిగ్రీల చలి, మామూలు గాలికి ఇరవై రెట్ల ఒత్తిడి. దాన్ని ఒక్కసారిగా మామూలు ఒత్తిడి ఉన్న గదిలోకి వదులుతారు. అందులో సగానికి పైగా వాయువై పోతుంది. పోతూపోతూ మిగిలినదాని వేడిని లాగేసుకుంటుంది. దాంతో మిగిలింది పిండిలాంటి మంచుగా రాలుతుంది. ఆఫీసుల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్ అగ్నిమాపక సిలిండరును నొక్కినప్పుడు గొట్టం మూతి దగ్గర తెల్లగా వచ్చేదీ ఇదే.

ఈ మంచు పిండిని బలమైన హైడ్రాలిక్ ముషలకంతో చిల్లుల పళ్లెంలోంచి నెడతారు. అచ్చం జంతికల గొట్టమే! చిల్లు మూడు మిల్లీమీటర్లు ఉంటే బియ్యపు గింజల్లాంటి పలుకులు వస్తాయి. శుభ్రం చేసే పనికి వాడేవి ఇవే. చిల్లులు పెద్దవైతే లావుపాటి ముక్కలొస్తాయి. అవి మందులు, ఐస్‌క్రీములు చల్లగా ఉంచి పంపించడానికి. 2020లో ఫైజర్ కోవిడ్ టీకాను మైనస్ 70 డిగ్రీల దగ్గర దేశదేశాలకూ చేర్చింది డ్రై ఐస్ పెట్టెల్లోనే.

ఇక్కడో ఇబ్బంది ఉంది. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ కొని రేపు వాడుకున్నట్టు దీన్ని దాచుకోలేం. ఎంత మంచి ఇన్సులేషన్ పెట్టెలో పెట్టినా రోజూ ఎంతో కొంత తరిగిపోతుంది. పైగా పాతబడ్డ పలుకులు గాల్లో తేమను పట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి. హైదరాబాద్‌లో తయారైన సరుకు ఏలూరుకు రావాలంటే మూడొందల కిలోమీటర్లకు పైనే ప్రయాణం. దారంతా తరుగే. చేపల లారీలాగా కారదు కాబట్టి ఆ నష్టం కంటికి కనపడదు, అంతే తేడా!

గొట్టంలో ఏం జరుగుతుంది?

యంత్రం చూడ్డానికి పెద్దగా భయపెట్టదు. చక్రాల మీద ఓ డబ్బా, పైన పలుకులు పోసే తొట్టి, ముందు పొడవాటి రబ్బరు గొట్టం, దాని చివర తుపాకీలాంటి పిడి. అసలు బండెడు బరువు పక్కన ఉండే గాలి కంప్రెసర్‌ది. సాధారణంగా చదరపు అంగుళానికి 80 నుంచి 100 పౌండ్ల ఒత్తిడితో గాలి కావాలి. మీ కారు టైర్లో గాలికి ఇది సుమారు మూడింతలు. పైగా ఆ గాలి ఆగకుండా ధారగా రావాలి. టైరు షాపులోని చిన్న కంప్రెసర్ దీనికి ఏ మూలకూ రాదు.

పలుకులు గాలిలో కలిసే తీరులో రెండు రకాలున్నాయి. మొదటిది మన పాత ఫ్లిట్ పంపు పద్ధతి. గాలి వేగంగా పోతుంటే దాని పక్కనున్న గొట్టంలోంచి పలుకులు వాటంతటవే లాక్కుపోబడతాయి. ఇది సులువు, చవక, కానీ దెబ్బలో పస తక్కువ. రెండోది గుంటలున్న చక్రం పద్ధతి. చక్రం తిరిగే కొద్దీ ఒక్కో గుంటలో కొన్ని పలుకులు పడి, కింద ఒత్తిడితో పోతున్న గాలి ధారలోకి చేరతాయి. ఒకే గొట్టంలో గాలీ, మంచూ కలిసి పరుగెడతాయి. దెబ్బ గట్టిగా తగులుతుంది.

గొట్టం చివరి నాజిల్లో ఉంది కీలకం. లోపల మొదట సన్నబడి, తర్వాత మళ్లీ వెడల్పవుతుంది. రాకెట్ తోకలో ఉండే ఆకారమే. ఆ సన్నటి మెడ దాటాక గాలి ధ్వని వేగాన్ని మించిపోతుంది. పలుకులు అంత వేగం అందుకోకపోయినా సెకనుకు వంద మీటర్లు దాటేస్తాయి.

మరి ఆ పలుకు వెళ్లి జిడ్డు పట్టిన ఇనుము మీద పడితే? రెప్పపాటులో మూడు పనులు జరుగుతాయి. ఒకటి దెబ్బ. అది అర్థమయ్యేదే. రెండోది చలి. పిల్లల జుట్టుకు బబుల్ గమ్ అంటుకుంటే ఐసు ముక్క పెట్టి గట్టిపరిచి ఊడదీస్తాం కదా? బట్ట మీద పడ్డ కొవ్వొత్తి మైనాన్నీ అంతే. చల్లబడితే జిగురు పెళుసవుతుంది. జిడ్డు పొర పలుచన, ఇనుము మందం. పొర టక్కున ముడుచుకుంటుంది, ఇనుము అంత తొందరగా చల్లబడదు. రెంటికీ మధ్య పట్టు సడలి పొర బీటలువారుతుంది. ఇక మూడోది అసలు చమత్కారం. ఆ బీటల్లో దూరిన మంచు అక్కడికక్కడే వాయువైపోతుంది. గడ్డగా ఉన్నప్పటికన్నా కొన్ని వందల రెట్లు ఉబ్బుతుంది. లోపల్నుంచి తన్నినట్టు జిడ్డు పొర పైకి లేచిపోతుంది. గాలి దాన్ని ఊడ్చేస్తుంది.

పలుకు మెత్తనిది కాబట్టి ఇనుముకు గీత పడదు. సుద్దముక్కకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది దాని గట్టిదనం. మెత్తటి ప్లాస్టిక్, చెక్క, పలుచటి రేకుల దగ్గర మాత్రం ఒత్తిడి తగ్గించి, చక్కెర రేణువులంత సన్నగా చెక్కిన మంచును వాడతారు.

ఇసుక చేసిన చేటు

ఈ యంత్రం ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఇసుక కథ తెలియాలి. లోహాల మీద తుప్పునూ, పాత రంగునూ వదలగొట్టడానికి గాలితో ఇసుకను చిమ్మడం పాత పద్ధతి. పని బ్రహ్మాండంగా అవుతుంది. కానీ పగిలిన ఇసుక నుంచి లేచే సన్నటి సిలికా ధూళి పనివాళ్ల ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అది అక్కడ పుండ్లు చేసి, ఊపిరితిత్తుల్ని గట్టిపరిచేస్తుంది. సిలికోసిస్ అనే ఆ జబ్బు ఒకసారి పట్టిందంటే నయం కాదు. బ్రిటన్‌లో పోతపోసిన లోహపు సామాన్ల మీద ఇసుక చిమ్మడాన్ని ఆపేస్తూ 1949లోనే నిబంధనలు తెచ్చారు.

ఇసుక బదులు, పని కాగానే లేకుండా పోయేదాన్ని చిమ్మితే? అమెరికాలో లాక్‌హీడ్ విమానాల కంపెనీలో పనిచేసిన కాల్విన్ ఫాంగ్ ఈ ఆలోచనకు 1977లో పేటెంటు సంపాదించాడు. తర్వాత డేవిడ్ మూర్ దాన్ని ఫ్యాక్టరీలో వాడుకోదగ్గ యంత్రంగా మలిచి 1988లో పేటెంటు పొందాడు. అక్కణ్నుంచే ఇది పరిశ్రమల్లోకి పాకింది.

దీన్ని బాగా అక్కున చేర్చుకున్నవాళ్లలో టైర్ల తయారీదారులు ముందుంటారు. టైరు గాట్లన్నీ పడేది ఇనప అచ్చులో. నూట యాభై డిగ్రీలు దాటిన వేడిలో రబ్బరు ఉడికి ఉడికి ఆ అచ్చుకు మసిలా పొర కడుతుంది. పాత పద్ధతిలో అయితే అచ్చు విప్పి, చల్లార్చి, ఇసుకలాంటి వాటితో రుద్దాలి. రుద్దినకొద్దీ అచ్చు అరుగుతుంది. డ్రై ఐస్‌తో అయితే వేడి అచ్చును ఉన్నచోటే శుభ్రం చేయొచ్చు. వేడి ఎంతుంటే చలి దెబ్బ అంత బాగా పనిచేస్తుంది మరి! సదాశివపేట నుంచి అచ్యుతాపురం దాకా టైర్ల ఫ్యాక్టరీలున్న తెలుగు రాష్ట్రాలకు ఇది పరాయి సంగతేం కాదు.

మన మిల్లులకు పనికొస్తుందా?

తాడేపల్లిగూడెంలో ఏ రైసుమిల్లులోకైనా వెళ్లి చూడండి. మోటార్ల మీద, బెల్టుల గార్డుల మీద, దూలాల మీద బూడిదరంగు పొర కనపడుతుంది. తవుడూ ఊకదుమ్మూ గ్రీజుతో కలిసి అట్టకట్టినది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి చీపురుకు రాదు. నీళ్లు కొడితే ముద్దై, నాలుగు రోజులకు ముక్కిపోయి పురుగు పడుతుంది. పైగా మోటారు వైండింగులో నీళ్లు పడితే కాలిపోతుందని భయం. అందుకని ఓ రేకుముక్కతో గీకడం, కిరోసిన్ గుడ్డతో తుడవడం అలవాటు. వేడి మోటారు, కిరోసిన్, ఊకదుమ్ము... ఈ మూడూ ఒకచోట చేరకూడదని చెప్పడానికి ఇంజినీరే కానక్కర్లేదు.

సరిగ్గా ఇలాంటి చోటే డ్రై ఐస్‌కు మార్కులు పడతాయి. అది తడపదు, మండదు, కరెంటును ప్రవహింపనివ్వదు. జనరేటర్లు, మోటార్ల వైండింగులు, ప్యానెల్ బోర్డులు శుభ్రం చేయడానికి ప్రపంచమంతా వాడుతున్నారు. అయితే కరెంటు మాత్రం కట్టేయాల్సిందే. పొడి గాలి, పొడి మంచు ఒరుసుకుంటూ పోతుంటే స్థిర విద్యుత్ పుడుతుంది. కాబట్టి తుపాకీకీ, శుభ్రం చేసే యంత్రానికీ ఎర్తింగ్ ఉండాలి. దుమ్ము గాల్లో లేచే మిల్లులో నిప్పురవ్వ ఎగిరితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

బిస్కెట్ల ఓవెన్లు, చేపల మేత గుళికలు చేసే యంత్రాలు, నూనె మిల్లుల్లో జిడ్డుపట్టిన చట్రాలు... ఇవన్నీ దీనికి తగిన చోట్లే. పెదవేగి చుట్టుపక్కల పామాయిల్ గెలలు ఆడే ఫ్యాక్టరీలో పీచూ నూనే కలిసిన జిడ్డు ఎలా ఉంటుందో ఆ ప్రాంతం రైతులకు తెలుసు. ఆ జిడ్డును కాస్టిక్ సోడాతో కడిగితే ఆ నీళ్లను ఎక్కడ వదలాలన్నది ఇంకో తలనొప్పి. కాలవలన్నీ చివరికి కొల్లేరు దారి పట్టే నేల ఇది. కడిగిన నీళ్లే లేకుండా పని జరగడం ఇక్కడ చిన్న విషయం కాదు.

మన వాతావరణంతో మాత్రం ఓ పేచీ. డెల్టా గాలిలో తేమ ఎక్కువ. చల్లబడ్డ లోహం మీద ఆ తేమ చెమటలా పడుతుంది. చన్నీళ్ల చెంబు బయట నీటి చుక్కలు పట్టినట్టన్నమాట. ప్యానెల్ బోర్డు శుభ్రం చేశాక వేడిగాలితో ఆరబెట్టకుండా స్విచ్చి వేయకూడదు. కంప్రెసర్ గాలిలోని తేమను ముందే తీసే డ్రయ్యరు కూడా ఉండి తీరాలి. లేకపోతే ఆ తేమే గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది.

ఖర్చు కూడా ఆలోచించాలి. మామూలు పనులకు గంటకు ముప్పై కిలోల నుంచి వంద కిలోల దాకా పలుకులు ఖర్చవుతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు శుభ్రం చేసుకునే మిల్లు ఈ యంత్రం కొనడం దండగ. షట్‌డౌన్ రోజుల్లో యంత్రం, కంప్రెసర్, మంచు అన్నీ వ్యాన్‌లో తెచ్చి పని చేసిపెట్టే కాంట్రాక్టరును పిలుచుకోవడమే మేలు.

ఇక అమ్మకం కరపత్రాల్లో ‘నీళ్లు లేవు, రసాయనాలు లేవు, వ్యర్థాలు లేవు’ అని ఉంటుంది. మొదటి రెండూ నిజం. మూడోది సగం నిజం. మంచు పోతుంది గానీ, ఊడిన మురికి ఎక్కడికీ పోదు. కింద రాలుతుంది, పక్క యంత్రం మీద పడుతుంది. సీసం కలిసిన పాత రంగును ఒలిస్తే ఆ రజను విషమే. ముక్కుకు మాస్కు ఉండాలి, రాలినదాన్ని జాగ్రత్తగా ఎత్తాలి. లోతుగా తిన్న తుప్పు దగ్గర కూడా దీని పప్పులుడకవు. ఇక మోత సంగతి... చెవులకు రక్షణ లేకుండా దగ్గర నిలబడలేరు.

మాయమైంది ఎక్కడికి పోయింది?

అసలు భయపడాల్సింది ఇక్కడ. మాయమైన మంచు మాయం కాలేదు. వాయువై ఆ గదిలోనే ఉంది!

ఓ చిన్న లెక్క వేద్దాం. కిలో డ్రై ఐస్ మామూలు వేడికి వచ్చాక సుమారు 540 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో పట్టే గాలి ఇరవై ఎనిమిది వేల లీటర్ల పైచిలుకు. అంటే తలుపులన్నీ మూసిన గదిలో ఒక్క కిలో ఆవిరైతే గాలిలో దాదాపు రెండు శాతం కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. ఎనిమిది గంటల పనికి అనుమతించే హద్దు అర శాతమే. నాలుగు శాతాన్ని ప్రాణాపాయంగా లెక్కిస్తారు. దానికి రెండు కిలోల పైచిలుకు చాలు. మరి మన యంత్రం గంటకు ఎంత వాడుతుందని చెప్పుకున్నాం?

ఈ వాయువుకు రంగు లేదు. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి పల్లానికి చేరుతుంది. రైసుమిల్లు ఎలివేటరు అడుగున ఉండే గొయ్యి, బేస్‌మెంటు, ట్యాంకు అడుగు... మనిషి వంగి పనిచేసే చోట్లన్నీ దీనికి ఇష్టమైన చోట్లే. చాలామంది తెలియక చేసే పొరపాటు ఇంకోటుంది. ఆక్సిజన్ మీటరు ఒక్కటే పెట్టుకుని ధీమాగా ఉంటారు. కార్బన్ డయాక్సైడ్ నాలుగు శాతానికి చేరినా ఆక్సిజన్ ఇరవై శాతం దగ్గరే ఉంటుంది. మీటరు మోగదు! అందుకే కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే మీటరే విడిగా కావాలి. నేలకు దగ్గరగా గాలిని బయటికి తోడే ఫ్యాన్లు కావాలి. ఒక్క మనిషిని లోపల వదిలేసి రాకూడదు.

ట్యాంకులు శుభ్రం చేయడమంటే గోదావరి జిల్లాలకు చేదు జ్ఞాపకాలున్నాయి. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర ఆక్వా ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయబోయి అయిదుగురు చనిపోయారు. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం మండలం జి.రాగంపేటలో నూనె ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఏడుగురు కార్మికులు ఊపిరాడక ప్రాణాలు వదిలారు. ఈ రెండు చోట్లా డ్రై ఐస్ లేదు. మరి ఇలాంటి యంత్రం ఉంటే వాళ్లు బతికేవారా అని ఎవరైనా అడగొచ్చు. నిజం చెప్పాలంటే, మనిషి దిగే మూసిన ట్యాంకులో ఇది ప్రమాదాన్ని తగ్గించదు, పెంచుతుంది. బయటి నుంచి గొట్టంతో గాలి అందించే మాస్కు, తోడే ఫ్యాను, పైన తాడు పట్టుకుని ఒకరు... ఇవి లేకుండా అక్కడికి ఏ యంత్రంతోనూ దిగకూడదు. దీని చోటు ఆరుబయట, గాలి ఆడే షెడ్డులో.

ఇంటికి తెచ్చుకునేవాళ్లకూ ఓ మాట. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో పుట్టినరోజు పార్టీకి ఈతకొలనులో పాతిక కిలోలకు పైగా డ్రై ఐస్ గుమ్మరించారు, పొగ అందంగా వస్తుందని. ముగ్గురు చనిపోయారు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఓ రెస్టారెంటులో భోజనం తర్వాత నోరు చల్లబడుతుందనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవాళ్లు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు. రిసెప్షన్లో పొగ వస్తుంటే పిల్లల్ని ఆ పొగలో కూర్చోనివ్వొద్దు. వాళ్ల ముక్కులు మనకన్నా నేలకు దగ్గర. పలుకుల్ని వట్టి చేత్తో పట్టుకుంటే కాలినట్టే బొబ్బలెక్కుతుంది. సీసాలో వేసి మూత బిగిస్తే బాంబులా పేలుతుంది. కారులో అద్దాలు మూసుకుని తీసుకెళ్లనే కూడదు.

పని ముగిశాక యంత్రం తొట్టిలో కొంత మంచు మిగులుతుంది. దాన్ని కాలవలో పారబోయరు, డ్రైనేజీలో వేయరు. పైపులు పగులుతాయి. మూత బిగించని పెట్టెలో పోసి, మనుషులు తిరగని చోట ఆరుబయట వదిలేస్తారు. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే పెట్టె ఖాళీ. పక్కనే గోనెసంచి నిండా నిన్న ఊడ్చిన మురికి మాత్రం అలాగే ఉంటుంది.